నవమి నాడు పలకని కంప్యూటర్

“అత్తయ్యా, అది కత్తిపీట కాదండీ, నా ఉద్యోగం. ఇటివ్వండి.”

“ఉజ్జోగమైతే మరీ మంచిది. ఈయేల అది అమ్మోరి సేతిలో ఉన్నాది. రేపు తెల్లారి తానం సేసి తీసుకో.”

“రేపు తెల్లారేసరికి ఓడ వచ్చేస్తుందండీ!”

“రానీ. ఎదురెళ్ళి హారతిత్తావేటి?”

“హారతి కాదండీ, దాని కాగితాలు పంపాలి. సాయంత్రం నాలుగింటిలోపు.”

“ఆ మాట పొద్దున సెప్పాల. పూజయిపోనాక సెప్తే నానేటి సేత్తాను? బొట్టెట్టింది నువ్వే గదే!”

నిజమే, బొట్టు పెట్టింది మా కోడలే. ఆ రోజు మహర్నవమి. పొద్దున ఎనిమిదింటికల్లా ఆయుధపూజ ముగించాం. పీట మీద వరుసగా కత్తిపీట, కత్తెర, కొబ్బరికోరు, నా కుట్టుమిషను సూదుల డబ్బా, కొడుకు మోటారు సైకిలు తాళం. పక్కనే మా ఆయన స్పానరు. ఆయన పోయి నాలుగేళ్ళయింది గానీ స్పానరు ఏటా పీట మీదికి వస్తూనే ఉంది. అన్నిటికీ చివర కోడలి లాప్‌టాప్. పసుపు కలిపింది నేను, బొట్లు పెట్టింది తను, అక్షింతలు వేసింది మళ్ళీ నేను. మా ఇంట్లో కట్టు ఏమిటంటే, పీట ఎక్కిన పనిముట్టుని మర్నాడు దశమి పొద్దున స్నానం చేసేదాకా ఎవరూ ముట్టకూడదు. అందుకే నవమి నాటి కూరగాయలు ముందు రోజే తరిగేసుకుంటాను. వంటలోకి దిగాక ఉల్లిపాయ తక్కువైతే ఉల్లిపాయ లేకుండానే తింటాం.

కోడలిది గోదావరి వైపు. వాళ్ళింట్లో సాయంత్రం హారతి అవగానే అన్నీ తీసేసుకుంటారట. అది వాళ్ళింట్లో.

తను పోర్టు దగ్గర ఓడల కాగితాలు చూసే ఒక ఆఫీసులో పని చేస్తుంది. మేముండేది పెందుర్తిలో. పోర్టుకీ మాకూ బస్సులో గంటన్నర. మనవరాలికి పదో నెల. అందుకని వారానికి రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళేటట్టు, మిగతా రోజులు ఇంటి నుంచి చేసేటట్టు వాళ్ళ మేనేజరు ఒప్పుకున్నాడు. అయితే ఆ ముందు నెలలో రెండుసార్లు పని మధ్యలో లైను తెగిపోయింది. మేనేజరు ఫోను చేసి, “ఇంకొక్కసారి ఇలా అయితే ఇంటి నుంచి పని మనకి కుదరదమ్మా, రోజూ వచ్చేయాల్సిందే” అన్నాడు. ఫోను స్పీకరులో ఉంది, నేను విన్నాను.

రోజూ వెళ్ళాల్సి వస్తే పిల్ల సంగతేమిటి? వానాకాలంలో నీళ్ళగదిలో జారి నా కుడి మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ పిల్లని ఎత్తే బలం రాలేదు. ఒళ్ళో పడేస్తే పట్టుకుంటాను, నేల మీంచి ఎత్తలేను. ఇక మిగిలేది వీధి చివర పిల్లల్ని చూసే ఇల్లు. అది నేను వెళ్ళి చూసి వచ్చాను. పది మంది పిల్లల్ని టీవీ ముందు అప్పడాల్లా పరిచి ఉంచారు. అక్కడ పెట్టడం నాకు ఇష్టం లేదు. కోడలికీ లేదు. మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిన సంగతుల్లో ఇదొకటి.

అంచేత ఆ పూట తగువులో ఎవరు నెగ్గాలన్నది నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన సరేనని ఎలా అంటాను? అనలేదు. వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడైతే అటు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పీట చివర అక్షింతల మధ్య చదరంగా ఖాళీ. బంతిపువ్వు మాత్రం మర్యాదగా పక్కన పెట్టి ఉంది.

నేను పిల్లని ఒళ్ళో వేయించుకుని తన పక్కనే కూర్చున్నాను.

ఇంటి నుంచి ఆఫీసు పని ఎలా జరుగుతుందో కోడలు నాకు చాలాసార్లు చెప్పింది. నేను చదివింది మూడో తరగతి. అయినా ఉక్కునగరం క్వార్టర్సులో ఇరవై ఏళ్ళు కాపురం చేసినదాన్ని కాబట్టి నాకు తెలిసినట్టు అర్థం చేసుకున్నాను. మా ఆయన ఫ్యాక్టరీలోకి వెళ్ళాలంటే గేటు దగ్గర పాసు చూపించాలి. పాసు లేకపోతే ఎంత పాత ఉద్యోగి అయినా బయటే. వీపీఎన్ అంటే ఆ గేటు పాసు. అది చూపిస్తే ఇంటి నుంచి ఆఫీసు లోపలిదాకా దారి తెరుచుకుంటుంది. దారి తెరుచుకున్నాక అక్కడున్న తన కంప్యూటర్‌ని తలుపు తట్టి లేపాలి. అది పలికితే దాని తెర ఈ తెర మీదికి వచ్చేస్తుంది. ఇక్కడ వేలు కదిపితే అక్కడ బాణం కదులుతుంది. దీన్ని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. ఓడ కాగితాలు తయారుచేసే ఏర్పాటు ఆ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉంది, లాప్‌టాప్‌లో లేదు. ముందు రోజు ఆ కాగితాలన్నీ పూర్తిచేసింది. ఆ రోజు పూజయ్యాక సరుకు వాళ్ళు బరువు తప్పు పడిందని చెప్పారు. ఆ ఒక్క అంకె దిద్ది పంపేస్తే అయిపోతుంది. పది నిమిషాల పని.

గేటు పాసు చూపించింది. పచ్చ గుర్తు వచ్చింది. తలుపు తట్టింది. తెర కాసేపు ఆలోచించి, కలవడం లేదని రాసి చూపించింది. మళ్ళీ తట్టింది. మళ్ళీ అదే రాత. మూడోసారి కూడా అలాగే అయ్యాక కోడలు నా వైపు తిరిగింది.

“అక్షింతలు దీని మీద ఎన్ని వేశారండీ?”

“అన్నిటికీ ఏసినన్నే. దానికేం పేరంటమేటి, ఎక్కువెయ్యడానికి?”

లాప్‌టాప్ బోర్లించి దులిపింది. మీటల సందుల్లోంచి పసుపు బియ్యపు గింజలు రెండు రాలాయి. కొంప మునిగిందనుకున్నాను. పైకి మాత్రం, “రెండు గింజలకి ఆగిపోయేది ఉజ్జోగమేటే?” అన్నాను.

“గింజల వల్ల కాదులెండి,” అంది తను, కాస్త తగ్గి. “మీటలన్నీ పని చేస్తున్నాయి. వైఫై చూద్దాం.”

గోడ మీది వైఫై డబ్బాకి కూడా నేను పువ్వు పెట్టాను. పువ్వు తీసి, డబ్బా ఆపి, మళ్ళీ వేసింది. పచ్చ గుర్తు వచ్చింది, తలుపు పలకలేదు. వైఫై మానేసి తన సెల్‌ఫోనులోంచి నెట్ పట్టింది. అప్పుడూ పచ్చ గుర్తు బంగారంలా వచ్చింది, తలుపు మాత్రం పలకలేదు. పాస్‌వర్డు తప్పేమోనని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కొట్టింది. ఊహూ. అప్పటికి ఒంటిగంటన్నర.

“పోనీ ఆటో ఎక్కి ఎల్లిపోయి సేసేసి రాకూడదేటి?” అన్నాను.

“వెళ్తే అయిపోద్దండీ. కానీ ఇంటి నుంచి అవ్వలేదని నా నోటితో నేనే చెప్పినట్టు కదా. రేపట్నించి రోజూ రమ్మంటారు.”

అదీ నిజమే.

వాళ్ళ ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకి ఫోను చేసింది. ఆయన పెళ్ళాం బిడ్డల్తో పండగకి అత్తవారింటికి బస్సులో వెళ్తున్నాడు. వెనకాల కండక్టరు అరుపులు, ఎవరిదో కోడి కూత. 

“పచ్చగా వచ్చిందంటే దారి బాగానే ఉంది మేడమ్. ఒకసారి పింగ్ కొట్టి చూడండి.”

పింగ్ అంటే గుమ్మం ముందు నిలబడి ‘ఎవరున్నారు’ అని కేకేయడంలాంటిదట. తను కొట్టింది. ఒకే రాత కిందా మీదా నాలుగు వరసలు పడింది.

“జవాబు లేదండీ.”

“అయితే మీ సిస్టమ్ ఆపేసి ఉంటారు మేడమ్.”

“ఎవరు ఆపుతారండీ? ‘దీన్ని ఆపకండి’ అని పెద్దక్షరాలతో కాగితం అంటించాను కదా! నిన్న సాయంత్రం అయిదింటిదాకా దాన్లోనే పని చేశాను.”

“మరి కేబులేమన్నా...” అన్నాడాయన. అంతలో బస్సు ఏ కొండ చాటుకి వెళ్ళిందో గానీ మాట తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

కోడలు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. తల్లి అలా కూర్చుంటే పిల్లకి ఆటలా తోచింది, కిలకిలా నవ్వింది. నేను పిల్ల కాళ్ళు రాస్తూ పీట వైపు చూశాను. కత్తిపీట తన పాటికి తను బొట్టు పెట్టుకుని కూర్చుంది. అప్పుడు తట్టింది నాకు.

“ఏమే, మీ ఆఫీసులో పూజ సెయ్యరేటి?”

“చేస్తారండీ. నిన్న సాయంత్రం ఆరింటికి చేశారు. గ్రూపులో ఫొటోలు కూడా పెట్టారు. నేను సరిగ్గా చూడలేదు.”

“సూడు మరి.”

ఫోను తెరిచి నా ముందు పెట్టింది. నా కళ్ళజోడు తుడుచుకుని చూశాను. గుమ్మడికాయ, నిమ్మకాయలు, పులిహోర గిన్నె. తర్వాత ఫొటోలో బల్లల కింద వరుసగా ఆరు కంప్యూటర్ డబ్బాలు, తలంటు పోసుకున్న పెళ్ళికూతుళ్ళలా తళతళలాడుతున్నాయి. ఒక్కోదానికి మూడేసి బొట్లు, పైన ఒక్కో బంతిపువ్వు.

“నీదేది?”

“ఇదిగోండి, మూడోది.” వేలు పెట్టి ఆగిపోయింది. “కాగితం ఏదీ?”

కాగితం లేదు. కాగితం ఉండాల్సిన చోట పెద్ద కుంకుమ బొట్టు ఉంది. పూజకి ముందు శుభ్రంగా తడిగుడ్డతో తుడిచారు కదా, ఆ తుడుపులో అది పోయింది.

“పడుకోబెట్టేసేరే దాన్ని!” అన్నాను. “పూజలో ఎట్టినదాన్ని ఎవులైనా మెలకువతో ఉంచుతారేటి?”

కోడలు నన్ను తినేసేలా చూసింది. నేనేం చేశాను? నేను మా ఇంట్లోది పడుకోబెట్టాను గానీ వాళ్ళ ఆఫీసులోది కాదు.

ఆఫీసు రెండు రోజులు సెలవు. లోపల అమ్మవారి దీపం కొండెక్కకుండా నూనె పోయమని తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చారు. మనిషి భీమునిపట్నం వైపు సముద్రపొడ్డు ఊరివాడు, నా కంటే నాలుగైదేళ్ళు చిన్నవాడై ఉంటాడు. కోడలు ఫోను స్పీకరులో పెట్టి సంగతి చెప్పింది. మూడో డబ్బా బటను ఒక్కసారి నొక్కితే చాలంది.

“నొక్కను పాపా,” అన్నాడు.

“ఒక్కసారేనండీ!”

“ఒక్కసారైనా పదిసార్లైనా తప్పు తప్పే. ఈయేల అది అమ్మోరి సేతిలో ఉన్నాది. రేపు తెల్లారి అయ్యగారొచ్చి కొబ్బరికాయ కొట్టేక నొక్కుతాను.”

కోడలు ఫోను మీంచి కళ్ళెత్తి నన్ను చూసింది. పొద్దున నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా పోర్టు నుంచి తిరిగొచ్చింది.

“ఇలా ఇయ్యి,” అని ఫోను అందుకున్నాను. “ఏమయ్యా తమ్ముడా, నాను ఇందాక నీతో మాట్లాడిన గుంటకి అత్తని.”

“సెప్పమ్మా.”

“నీ బయబత్తి మంచిదే. నాకూ ఉంది. కానీ మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి కాడ పని సేసేవోడు. నవమైనా దశమైనా కొలిమిని ఆపీవోరు కాదు. మండతన్నదానికే బొట్టెట్టీవోరు. ఆగకూడనిదాన్ని ఆపకూడదు, తెల్సా?”

“కొలిమి ఆగితే ఉక్కు గడ్డకట్టిపోద్దమ్మా. ఈ డబ్బాలో ఏటి గడ్డకడతాది?”

కొలిమి సంగతి వదిలేశాను. కోడలు పెదవి కొరుక్కుంటోంది. గోడ గడియారంలో రెండున్నర.

“మీ ఓల్లది సేపలేటయేటి?” అని అడిగాను.

“అవునమ్మా. మా తమ్ముల్లు ఇంకా సంద్రంలోకి ఎల్తన్నారు.”

“ఈయేల ఎల్లినారేటి?”

“ఎందుకెల్తారు? పడవకి బొట్టెట్టి ఒడ్డుకి లాగేసుంటారు. వల ముట్టుకోరు.”

“మరి నిన్న ఏసిన వల నీల్లలో ఉండిపోతే?”

కోడలు ఫోను మీదికి వంగింది.

“ఏసిన వల తియ్యాల కదమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “తియ్యకపోతే సేపలు కుల్లిపోతాయి, వల పాడైపోద్ది. దండం ఎట్టుకుని తీసేత్తారు. కొత్త వల మాత్రం ఎయ్యరు.”

“అద్గదీ. ఆ మూడో డబ్బాలో ఉన్నది నా కోడలు నిన్న ఏసిన వల. కొత్త పనేటీ సెయ్యదు. లాగి ఒడ్డునెట్టి ఊరుకుంటాది. దానికి పూచీ నాది.”

“నువ్వు పూచీ అంటే మరి...” అని గొణిగాడు. అమ్మా నుంచి అక్క వరసలోకి ఎప్పుడు దిగాడో గానీ, “ఉండప్పా, కర్పూరం ఎలిగించుకుని వత్తాను,” అన్నాడు.

కర్పూరం వెలిగించడం, దండం పెట్టుకోవడం అంతా విన్నాం. మూడోది కుడి నుంచా ఎడమ నుంచా అన్నది ఇంకో గొడవ. కాగితం అంటించిన జిగురు ఉంటుంది, బొట్టు పక్కన తడిమి చూడమని కోడలు చెప్పింది.

“ఆఁ, ఏలికి జిగురు తగుల్తంది. ఇదే. నొక్కేను. ఎలగలేదప్పా.”

“ఎలగదు,” అన్నాను. “గోడ కాడ స్విచ్చు సూడు. ఆపీవోల్లు బటను కాడ ఆగరు.” ఈ సంగతి నాకంటే ఎవరికి తెలుస్తుంది? ఇంట్లో గోడ స్విచ్చు దాకా వెళ్ళి ఆపి వచ్చేది నేనే కదా. టీవీ ఎర్ర చుక్క వెలిగినా కరెంటు దండగేనని నా వాదన.

స్విచ్చు టిక్కుమంది. “నీలం దీపం వచ్చినాది! బుర్రుమంటంది!” అన్నాడు. అమ్మవారే కళ్ళు తెరిచినంత సంబరంగా అన్నాడు.

అయిదు నిమిషాలు ఆగమంది కోడలు. ఆ అయిదు నిమిషాలూ మేము ముగ్గురం, ఒళ్ళో పిల్లతో సహా, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. ఈ గొడవలో గేటు పాసు గడువు తీరిపోయి పచ్చ గుర్తు కూడా పోయింది. మళ్ళీ చూపించింది. పచ్చగా వచ్చింది. తలుపు తట్టింది. తెర ఒకసారి నల్లబడింది, నీలమైంది, ఆ తర్వాత ఆఫీసు కంప్యూటర్ తెర మా పెందుర్తి ఇంటి చాప మీదికి వచ్చి కూర్చుంది. నేను పిల్ల చెయ్యి పట్టుకుని దండం పెట్టించాను.

బరువు అంకె దిద్ది, ఒకటికి రెండుసార్లు సరిచూసి, మూడూ ఇరవైకి పంపేసింది. వేరే ఏవో ఉత్తరాలు వచ్చి ఉన్నాయట, చూస్తానంది.

“కొత్త వల ఎయ్యనని పూచీ పడ్డాను,” అన్నాను. “ముయ్యి.”

“అమ్మోరి చేతికి ఇచ్చెయ్యమంటారా అత్తయ్యా?” అంది నవ్వు ఆపుకుంటూ.

“ఇయ్యకపోతే నాకిత్తావేటి?”

తనే తీసుకెళ్ళి పీట చివర అక్షింతల మధ్య ఖాళీలో పెట్టింది. పువ్వు మళ్ళీ నేను పెట్టాను. రెండు గింజల అక్షింతలు మాత్రం ఈసారి పక్కకి వేశాను.

మర్నాడు దశమి. తెల్లవారుజామున స్నానం చేసి పీట కదిపాను. బొట్లు తుడిచి ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను. కొబ్బరికాయ కొట్టించడానికి ఆఫీసుకి వెళ్ళిన మేనేజరు ఎనిమిదిన్నరకి ఫోను చేశాడు. ఓడ వచ్చిందనీ, కాగితాలు సరిపోయాయనీ చెప్పాడు. మూడో కంప్యూటర్ ఎందుకు వెలుగుతోందని అడిగితే వాచ్‌మన్ ఏదో వల సంగతి చెప్పాడట, ఆయనకి ఏమీ బోధపడలేదట. వచ్చే వారం ఎప్పటిలాగే రెండు రోజులు వస్తే చాలన్నాడు. కోడలు ఆ వెంటనే వాచ్‌మన్‌కి ఫోను చేసి, కొత్త కాగితం ఒకటి రాసి అంటించమంది. బొట్టు మీద అంటించనని, కింద అంటిస్తానని ఆయన అన్నాడు. పులిహోర ఒక డబ్బాలో సర్ది, డబ్బా ఖాళీ చేయించి తిరిగి తెమ్మని మరీ మరీ చెప్పి, కొడుకు చేత మోటారు సైకిలు మీద ఆయనకి పంపించాను. ఆ తర్వాత కత్తిపీట ముందు వేసుకుని బీరకాయలు తరిగాను. కాయలు కూరకి, తొక్కు పచ్చడికి.